తప్పని బల్లెం

ఇనుము వాసన ఎరుగని బల్లేన్ని నేను. కొలిమిలో కాలలేదు, సమ్మెట దెబ్బ తినలేదు. హైదరాబాదులో నల్లగండ్ల దగ్గర ఒక ఆఫీసు మూడో అంతస్తులో, 'ఏడు బురుజులు' అనే ఆన్‌లైన్ ఆట కోసం కంప్యూటర్ తెర మీద పుట్టాను. పదిమంది ఒక జట్టు, పదిమంది ఇంకో జట్టు. ఎవరి ఊళ్లో వాళ్లు కూర్చుని ఒకే కోట కోసం కొట్టుకుంటారు. నన్ను చేత్తో ముట్టుకున్నవాళ్లు ఈ లోకంలో లేరు. విసిరినవాళ్లు మాత్రం వేలమంది.

నన్ను కన్నది స్రవంతి. ఆటలోని వీరులకూ ఆయుధాలకూ కథలు సమకూర్చడం ఆమె పని. ఆమె తాత ఐలయ్య సిద్దిపేట వైపు పేరున్న ఒగ్గు కథకుడు. గొర్రెల మందను కాపాడుకోవడానికి దొంగల గుంపుకు ఒంటరిగా ఎదురు నిలిచిన సింగవ్వ కథ ఆయన చెబుతుంటే జనం కదలకుండా కూర్చునేవారట. ఆ సింగవ్వ చేతి బల్లేన్ని నేను. విసిరితే గురి తప్పదు. మనవరాలికి ఆ కథ ఇస్తూ ఐలయ్య ఒకే మాట అడిగాడు: "ఆటల పెట్టుకో బిడ్డా. గని అవ్వను నవ్వులపాలు చెయ్యకు." తన గొంతు కూడా ఇచ్చాడు. నన్ను ఎత్తగానే ఆటలో ఆ గొంతే పలుకుతుంది: "సింగవ్వ బల్లెం, తప్పని బల్లెం."

నేను తప్పలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

నన్ను మొదట గెలుచుకున్నది ఖమ్మంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసే నసీమా. డ్యూటీ దిగాక రోజూ ఆడి, నాలుగు నెలలకు నన్ను సంపాదించింది. ఆటగాళ్లు చెవులకు తగిలించుకునే మైకుల్లోంచి వాళ్ల ఊపిరి కూడా నాకు వినబడుతుంది. నేను చేతికొచ్చినప్పుడు ఆమె ఊపిరి బిగబట్టింది. గోడ చాటున దాగినవాణ్ని, వెన్ను చూపి పరుగెత్తేవాణ్ని, దూరాన విల్లు ఎక్కుపెడుతున్నవాణ్ని వరసపెట్టి పడగొట్టాను. పడ్డవాళ్లలో ఒకడు అన్నాడు: "అక్కా, మేం ఆడనీకె వచ్చినమా, సావనీకె వచ్చినమా?"

ఆ పూట నసీమా నన్ను పక్కన పెట్టి మామూలు కత్తి పట్టింది. మర్నాడు మళ్లీ నన్నే తీసింది. మనుషుల మనస్సాక్షికి ఒక పూటే ఓపిక ఉంటుంది.

క్రమంగా నేనున్న జట్టు గెలవడం, లేని జట్టు ఓడడం ఖాయమైపోయింది. అప్పుడు ప్రభుదాస్ రంగంలోకి దిగాడు. తెనాలి మనిషి, ఆటలో ఎవరికీ అన్యాయం జరక్కుండా బలాబలాలు సరిచూడటం ఆయన ఉద్యోగం.

"స్రవంతి గారూ, ఈ బల్లెం దెబ్బకి జనం ఆట మానేస్తన్నారండీ. కొత్తగా వచ్చినోడు మూడు నిమిషాల్లో చచ్చిపోతే మళ్లీ ఎందుకొస్తాడు?"

"తప్పితే అది సింగవ్వ బల్లెం ఎట్లయితదన్నా?"

"తప్పకపోతే ఇది ఆట ఎట్టా అవుద్దండీ?"

ఇద్దరి మాటా నిజమే. మధ్యలో నలిగింది నేను. ప్రభుదాస్ సవరణలతో ఒక మంగళవారం బరువెక్కాను, మరుసటి మంగళవారం తేలికయ్యాను. ఒకసారి జానెడు పొట్టినయ్యాను. నిన్నటి నేను ఇవాళ్టికి లేను. చివరికి, నూటికి ముప్పై సార్లు గురి తప్పేలా మార్చారు. ఆ రోజు స్రవంతి భోజనం డబ్బా మూత తీయలేదు.

ఆ వారమే పెద్ద పోటీ. వేలమంది చూస్తుండగా నసీమా నన్నెత్తింది. "తప్పని బల్లెం" అంది ఐలయ్య గొంతు. ఎదుటి జట్టువాడు ఆరడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. నేను వెళ్లి గోడకు గుచ్చుకున్నాను. ఆ నవ్వులు నేను మరిచిపోలేను. గొంతునూ గోడనూ కలిపి ఎవరో చిన్న వీడియో చేశారు. ఫోను నుంచి ఫోనుకు పాకి అది సిద్దిపేట చేరింది.

మూడో రోజు ఐలయ్య ఆఫీసుకు వచ్చాడు. భుజాన గొంగడి, మొహంలో కోపం లేదు. "నా గొంతు నాకిచ్చెయ్యి బిడ్డా" అన్నాడు.

ప్రభుదాస్ కుర్చీ లాగి వేశాడు. "పెద్దాయనా, బల్లెం అసలు తప్పకపోతే ఏమవుద్దో ఒక్క పాత ఆట చూడండి. తర్వాత మీ ఇష్టం."

ఐలయ్య ఒకటి కాదు, మూడు ఆటలు చూశాడు. "ఈ పడ్డ పోరడు ఏం తప్పు జేసిండు?"

"ఏం లేదండీ. వాడి దగ్గర ఈ బల్లెం లేదు."

ముసలాయన గొంగడి భుజం మీద సర్దుకున్నాడు. తర్వాత కథ చెప్పే గొంతుతో అన్నాడు: "అవ్వ ఇసిరింది, తగిలింది. బల్లెం దొంగ రొమ్ములనే ఉండిపోయింది. మల్ల గావాల్నంటె నడిచిపోయి పీక్కోవాలె గద. వట్టి చేతులతోటి, అంతమంది నడుమకెళ్లి. అవ్వకు గాయాలైంది ఆ నడకలనే."

"ఆమె కన్నా ముందు ఇంకెవరన్నా పీక్కుంటే?" అన్నాడు ప్రభుదాస్.

"పీక్కుంటె వాళ్లదే."

ప్రభుదాస్ అప్పటికే కీబోర్డు ముందుకు లాక్కున్నాడు.

మధ్యాహ్నం పెరుగన్నం కలుపుకుంటున్న తాతను స్రవంతి మెల్లగా అడిగింది. "ఆ నడక నేనెప్పుడు వినలే తాతా. కతల ఉన్నదా?"

"మా గురువు చెప్పలే. నేను గూడ చెప్పలే. ఒక్క బల్లెంతోటి అంతమందిని ఎట్ల గెలిచిందని ఎవ్వరు అడగలే. ఆ పోరడు పడుతుంటె నాకు తోచింది."

ఆమె కలం పట్టుకుని తటపటాయించింది. ఆఖరికి పుస్తకంలో 'ఐలయ్య చెప్పినట్టు' అని రాసుకుంది. వెళ్లే ముందు ఆయన మైకు ముందు కూర్చుని కొత్తగా గొంతిచ్చాడు: "ఇసిరితె తప్పదు. నడువక తప్పదు."

ఇప్పుడు నాకు గురి తిరిగి వచ్చింది, ఒకరి దగ్గరే ఉండే నిలకడ పోయింది. ఇవాళ నసీమా నన్ను కోట గుమ్మం దాకా విసిరింది. తగిలాను. పడ్డవాడు మాయమయ్యాడు, నేను బురదలో నిటారుగా దిగబడి ఉన్నాను. ఆమె వట్టి చేతులతో బయల్దేరింది. అటువైపు నుంచి ఇద్దరు పరుగెత్తుకొస్తున్నారు. ముగ్గురి ఊపిరీ నాకు ఒక్కలాగే వినబడుతోంది. ముందు ఎవరి చెయ్యి పడుతుందో తెలియదు.