ఇసుకలో కలిపినదేమిటో

ఆండాలు భర్త విశ్వేశ్వర్‌కి దబీర్‌పురా స్టేషన్ వెనక సందులో చిన్న పోత షెడ్డు ఉంది. అల్యూమినియం కరిగించి, ఇసుక మూసల్లో పోసి, పిండి గిర్నీలకు పుల్లీలు తయారుచేసేవాడు. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆమెను అక్కడికి తీసుకెళ్లి, కొలిమిలో వెండిలా మెరుస్తున్న లోహాన్ని చూపించాడు. ఆండాలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏం వాసనయ్యా గిది, ఇంటికి పోదాం పా" అంది. అతను నవ్వేసి సందు చివరిదాకా వచ్చి ఆటో ఎక్కించాడు. మళ్లీ ఎప్పుడూ రమ్మని అడగలేదు.

ఇంట్లో చెప్పడం మాత్రం మానలేదు. కంచం ముందు కూర్చుంటే పని కబుర్లు తప్ప మరోటి వచ్చేది కాదు. పోత ఎలా దిగింది, ఏ పుల్లీకి ఎందుకు పగులొచ్చింది, ఇసుకలో తడి ఎక్కువైతే ఏమవుతుంది, అన్నీ చెప్పేవాడు. ఆమె ఊఁ కొడుతూ మర్నాటి కూర గురించో, పక్కింటివాళ్ల లొల్లి గురించో ఆలోచించుకునేది.

"ఇంటున్నవా?" అని అతను మధ్యలో ఆగేవాడు.

"ఇంటున్న. నువ్వైతే తిను."

పోయిన వానాకాలం అతనికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఎదుటివాళ్లు చెప్పేది అర్థమవుతుంది కానీ, తిరిగి చెప్పబోతే "ఆ... ఆ..." తప్ప రాదు. రాత కూడా మాటతోపాటే పోయిందన్నాడు డాక్టర్.

షెడ్డులో లేత్ మిషన్ నడిపే మైసయ్య ఒక్కడే మిగిలాడు. "వదినా, కోసుడు, తొలుచుడు నాకొస్తది. పోత మాత్రం అన్ననే పోసేటోడు. మమ్మల్ని చెయ్యి పెట్టనిచ్చేటోడు కాదు" అన్నాడు. మూసిన షట్టర్‌ను చూసి చూసి, ఆండాలు ఆడవాళ్లకు లోహపు పని నేర్పే ఒక శిక్షణ కేంద్రంలో చేరింది. ఇంటర్ అయిన ఆడపిల్లల వెనక, చివరి బెంచీలో కూర్చుంది.

పాఠం చెప్పే నీహారిక పుట్టి పెరిగింది ఈ ఊళ్లోని హుస్సేనీ ఆలంలోనే అయినా, ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చిన తండ్రి యాసే ఆమెకూ వచ్చింది. "లోహానికి రూపం ఇవ్వడానికి ముఖ్యంగా నాలుగు దారులున్నాయండీ" అని మొదలుపెట్టింది. "కరిగించి పోయడం, కొట్టి సాగదీయడం, అక్కర్లేనిది కోసెయ్యడం, రెండు ముక్కల్ని అతకడం. ముందు పోత గురించి చెప్పుకుందాం. చల్లారితే లోహం కుంచించుకుపోతుంది. అందుకని అచ్చుని కావలసిన కొలత కన్నా కాస్త పెద్దదిగా చేస్తాం."

ఆండాలు చేతిలో పెన్ను ఆగిపోయింది. ఒకనాడు విశ్వేశ్వర్ అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపి, పెద్ద గుట్టు విప్పుతున్నట్టు కళ్లు వెడల్పు చేసి, "సల్లారితే లోహం దగ్గరికొస్తదే. గందుకే అచ్చు జర పెద్దగ చెయ్యాలె. తెల్సా?" అన్నాడు. ఆమె "కూరల ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది. అతను తల వంచుకుని తినేశాడు.

"ఏమైంది ఆండాలుగారూ? అర్థం కాలేదా?" నీహారిక దగ్గరికి వచ్చింది.

"అర్థమైంది మేడమ్. గందుకే" అంది ఆండాలు, కళ్లు తుడుచుకుంటూ.

ఆ తర్వాత ప్రతి పాఠమూ అలాగే అయింది. మందంగా ఉన్నచోట లోహం ఆలస్యంగా చల్లారుతుందని, మూసలోంచి ఆవిరి పోవడానికి సన్నటి కంతలు పొడవాలని, నీహారిక చెప్పే ప్రతి మాటా ఆమె తన వంటింట్లో విన్నదే. విన్నది కాదు, చెవిన పడనిచ్చి వదిలేసింది.

శిక్షణ ముగిశాక షెడ్డు తెరిచి పోత పోసింది. మొదటి పుల్లీలకు కంతలు పడ్డాయి. తర్వాతవి నిలబడ్డాయి. ఉస్మాన్‌గంజ్‌లో గిర్నీ సామాను అమ్మే బాలకిషన్ ఒక పుల్లీని చేతిలో తిప్పి చూశాడు.

"నడుస్తది వదినా, ఫికర్ లేదు. కానీ విశ్వేశ్వరన్న పుల్లీ అద్దం లెక్కుంటుండె. గిది గరుకున్నది."

మైసయ్యను అడిగితే, "అన్న ఇసుకల ఏందో కలిపేటోడు. మాకు చెప్పలే. ఇంట్ల చెప్పిండేమో వదినా?" అన్నాడు.

చెప్పాడు. ఆమెకు ఖాయంగా గుర్తుంది. ఆదివారం పగటి పూట ఆమె చేటలో బియ్యం ఏరుతుంటే గడప మీద కూర్చుని, "ఎవ్వరికి చెప్పకే" అని నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు గుర్తుంది, గడప మీది ఎండ గుర్తుంది. చెప్పిన మాట మాత్రం గుర్తుకు రాదు.

నీహారిక తనకు తెలిసినవన్నీ చెప్పింది. ఆండాలు వాటిని ఇసుకలో కలిపి, టిఫిన్ డబ్బాల్లో ఇంటికి తెచ్చి, మంచం పక్కన కూర్చుని భర్త ఎడమ చేతిలో పోసింది. బెల్లం పాకం కలిపిన ఇసుకకు అతను తల అడ్డంగా ఊపాడు. బొగ్గు పొడి కలిపినదాన్ని పిడికిట్లో నొక్కి చూసి, గబగబా అవునన్నట్టు తల ఊపాడు. వెంటనే ఒక వేలు పైకెత్తాడు. ఇంకొకటి ఉంది.

"ఏందది? తవుడా? రంపపు పొట్టా? బూడిదా?"

కాదు, కాదు, కాదు. నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బేలా ప్రయత్నించాడు. "ఆ... ఆ..." పిడికిలితో మంచం పట్టెను కొట్టాడు. ఇసుక దుప్పటి నిండా పడింది.

ఆండాలు ఆ చెయ్యి పట్టుకుంది. "నువ్వు చెప్పినవయ్యా. నేనే ఇనలే. గన్నేండ్లు చెప్పినవు, ఒక్కనాడన్న ఇనలే."

అతను చాలాసేపు ఆమె వైపు చూసి గోడవైపు తిరిగాడు.

మాట నేర్పే డాక్టర్ దగ్గరికి వారం వారం తీసుకెళ్లింది. చలికాలం వెళ్లిపోయాక, ఒక పొద్దున ఆమె మళ్లీ కొత్త డబ్బా మూత తీస్తుంటే అతని పెదాలు కదిలాయి.

"పో... నీ."

ఆమె డబ్బా కింద పెట్టి అతని నోటి దగ్గర చెవి ఆనించింది.

"పోనీ" అన్నాడు మళ్లీ, ఈసారి కాస్త తేటగా. ఎడమ చెయ్యి ఆమె తల మీదికి వచ్చింది.

"ఎట్ల పోనిస్తనయ్యా" అని ఆండాలు ఏడ్చింది. ఇప్పటికీ డబ్బాలు తెస్తూనే ఉంది. అతను ఒక్కో పిడికెడు నొక్కి చూసి, ఓపికగా తల అడ్డంగా ఊపుతాడు. షెడ్డులో ఆమె బొగ్గు పొడి కలిపిన ఇసుకతోనే పోత పోస్తుంది. గరుగ్గా వచ్చిన పుల్లీలను మైసయ్య ఆకురాయితో రుద్ది నునుపు చేస్తాడు.