పేర్లు పిలిచే పని

మా మరదలు పడవ మొత్తం మాకే మాట్లాడింది. ఎనిమిది మందిమి, పదహారు గాలి సిలిండర్లు, ఒక్క రోజు. నా తమ్ముడు సముద్రంలో ఉండిపోయిన చోటికే వెళ్తున్నాం, సరిగ్గా ఏడాది తిరిగే రోజున. ఆనాడు వాడితో డైవింగుకి వచ్చిన స్నేహితులంతా వస్తున్నారు. నీళ్ళంటేనే హడలిపోయే మా మరదలు ఏడాదిలో డైవింగ్ నేర్చుకుని సర్టిఫికెట్ కూడా తెచ్చుకుంది. వాడు చివరిసారి చూసిన నీళ్ళు తనూ చూడాలట.

ఆదివారం పొద్దున నన్ను పిలిచి కాగితాలు ముందు పెట్టింది. నేను కరెంటు పనివాణ్ణి, నోరు పెద్దది. సిలిండర్ల అద్దె దగ్గర గొడవ పెట్టుకున్నాను. డాక్టరు సంతకం ఇంకా తేని బద్ధకస్తులని పేరుపేరునా తిట్టాను. అలా అరుస్తుంటే నాకు కాస్త ఊపిరాడుతుంది.

"ఇక ఆఖరుది, పేర్లు పిలవడం," అంది. "పైకొచ్చాక ఎవరి పేరుకి వాళ్ళే చెయ్యెత్తి పలకాలి. పిలిచే పని మీదే బావగారూ. ఆ ముసలాడిలా కళ్ళు మూసుకుని లెక్కపెట్టే మనిషి కాదు మీరు."

ముసలాడంటే అప్పటి పడవ యజమాని. లెక్క తప్పి మా తమ్ముణ్ణి నీళ్ళలోనే వదిలేసి వచ్చాడని విచారణలో తప్పంతా ఆయన నెత్తినే పడింది. లైసెన్సు పోయింది, పడవ అమ్ముకున్నాడు.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. మా తమ్ముడు పుట్టడమే రెండు వారాలు ఆలస్యంగా పుట్టాడు, ఇంట్లో అందరికీ వాడు 'నత్త'. వాణ్ణి ఎవరు ఎక్కడ పిలిచినా వాడికన్నా ముందు నేనే పలికేవాణ్ణి. ఛీ, ఏం అలవాటది!

"ఆయన లెక్క తప్పలేదమ్మా," అన్నాను. "వాడి పేరు పిలిచాడు. నేనే పలికాను."

"మీరు పలకడమేమిటి?"

"చెవి నొప్పెట్టి నేను ముందే పైకొచ్చేశా. వాడు రెండు నిమిషాలని వేళ్ళు చూపించాడు. పడవలో చూస్తే వాడి తువ్వాలు తడిగా ఉంది. వచ్చి ఏ మూలో బట్టలు మార్చుకుంటున్నాడనుకున్నా. పేరు పిలిస్తే 'ఆఁ' అనేశా. పడవ కదిలిపోయింది. ఆ తడి పొద్దున మొదటిసారి దిగినప్పటిదమ్మా."

ఆమె పెన్ను కింద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"ఆయన ఈ గుమ్మంలోకొచ్చాడు," అంది. "'పిలిచానమ్మా, పలికారమ్మా' అని వెక్కివెక్కి ఏడ్చాడు. నా మొగుణ్ణి పొట్టన పెట్టుకుని పైగా అబద్ధాలా అని మొహం మీదే తలుపేశాను. మీరు నా పక్కనే ఉన్నారు."

"ఉన్నాను."

"గడియ పెట్టింది మీరే."

అవును, నేనే. 

"ఆయన ఎక్కడుంటున్నాడో తెలుసా?"

తెలుసు. ఏడాదిగా ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి పనికి పోతున్నాను. తలూపాను.

"పదండి. నాకు చెప్పింది ఆయన ముందు కూడా చెప్పండి. ఆ తర్వాత మళ్ళీ ఈ గుమ్మం తొక్కకండి."

చెప్పులేసుకుని నాకంటే ముందే మెట్లు దిగింది.