పన్నెండో పైపు

సోంబోర్‌లో డెసాంకా టీచరు ఇంట వీధివైపు గదులు కుంపటిలా ఉండేవి. పెరటివైపు పడకగది మాత్రం మంచుగడ్డే. నవంబరు మొదట్లో ఆవిడ స్రెటెన్‌ని పిలిపించింది. పాతికేళ్లుగా ఊళ్లో ఇళ్లను వేడినీళ్లతో వెచ్చబరిచే రేడియేటర్లు బాగుచేసేది అతనే. ఒకప్పుడు ఆవిడ దగ్గర నాలుగో తరగతి చదివినవాడు కూడా.

"బాయిలరుకి దగ్గరున్నవే వేడినీళ్లన్నీ తాగేస్తున్నాయి టీచర్. వాటి గొంతు కాస్త నొక్కితే దూరంవాటికి అందుతాయి," అన్నాడు.

ఒక్కో రేడియేటరు అడుగున మూత తీసి, వాల్వు పూర్తిగా బిగించి, మళ్లీ లెక్కపెట్టి వదిలాడు. దగ్గరివాటికి అర తిప్పు, దూరంవాటికి రెండు తిప్పులు. గదిగదికీ తిరిగి అరచేత్తో తడిమి చూశాడు. మధ్యాహ్నానికి ఇంట్లో ఉన్న పదకొండు రేడియేటర్లూ అయ్యాయి. పడకగది రేడియేటరు ఇంకా గోరువెచ్చగానే ఉంది.

నేలమాళిగలోకి దిగి బాయిలరు దగ్గర పైపులు లెక్కపెట్టాడు. రేడియేటరుకో జత చొప్పున పదకొండే ఉండాలి, పన్నెండున్నాయని పైకి కేకేశాడు.

"లెక్క తప్పుంటావు. చిన్నప్పుడూ ఇంతేగా," అంది టీచరు, వెనకాలే మెట్లు దిగుతూ.

"అయితే మీరే చూడండి."

ఆవిడ కళ్లజోడు సర్దుకుని లెక్కపెట్టింది. పన్నెండే. పన్నెండో పైపు చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది.

స్రెటెన్ దాని వాల్వు బిగించాడు. కాసేపటికి పైపులోంచి టక్, టక్, టక్.

"ఇనుము చల్లారుతోంది టీచర్. అంతే."

మళ్లీ మూడు దెబ్బలు. ఈసారి గట్టిగా. పై వాటావాళ్లు గొడవ చేస్తుంటే కిందివాళ్లు చెంచాతో రేడియేటరు మీద కొడతారే, అలాగ. ఈ ఇంట్లో వేరే వాటాలు లేవు. ఉన్న ఇద్దరూ ఇక్కడే ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

అతను వాల్వు కొద్దిగా వదిలాడు. చప్పుడు ఆగిపోయింది.

పైకొచ్చి టేపుతో కొలిస్తే వంటగదికీ పడకగదికీ మధ్య ఒకటిన్నర మీటరు లెక్కకు రాలేదు. టీచరు మంచం పక్కకి జరిపి గోడ తట్టాడు. డొల్లగా మోగింది.

"పగలగొట్టు. ఇల్లు నాదేగా," అంది ఆవిడ.

నాలుగు ఇటుకలు ఊడదీసేసరికి తడి ఉన్ని వాసనతో వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. టార్చి వేశాడు. తలుపూ కిటికీ లేని సన్నటి గది. ఒక రేడియేటరు, దాని ముందు చిన్న పీట. రేడియేటరు మీద ఆరవేసిన ఒక జత ఉన్ని మేజోళ్లు. వాటి కొసల నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా నేలమీద పడుతున్నాయి.

స్రెటెన్ చటుక్కున వెనక్కి జరిగాడు. "పదండి టీచర్. మా చెల్లెలింట్లో ఉందురుగాని. ఇప్పుడే పదండి."

ఆవిడ కన్నంలోంచి చాలాసేపు చూసింది.

"రెండేళ్లుగా ఈ గోడకి వీపు ఆనించే పడుకుంటున్నాను. గదంతటికీ ఇదొక్కటే వెచ్చగా ఉండేది," అంది నెమ్మదిగా. "ఇటుకలు పెట్టెయ్యి. ఆ వాల్వు ముందెలా ఉందో అలాగే తెరిచెయ్యి."

"మరి మీ చలో?"

"ఇంకో దుప్పటి కప్పుకుంటా. చెప్పిన పని చెయ్యి."

స్రెటెన్ ఇటుకలు దగ్గరికి లాక్కున్నాడు. సిమెంటు కలిపి ఒక్కొక్కటే పేర్చాడు. చివరి ఇటుక పెట్టబోతూ, వద్దు వద్దనుకుంటూనే లోపలికి చూశాడు. పీట ఉంది. మేజోళ్లు లేవు. ఆ మాట టీచరుతో అనలేదు. నేలమాళిగలోకి దిగి వాల్వు పూర్తిగా తెరిచి, ఆవిడ పెట్టిన కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

చలికాలమంతా ఆవిడ ఆ ఇంట్లోనే ఉంది. స్రెటెన్ రెండుసార్లు ఫోను చేస్తే, బాగానే ఉన్నానంది. జనవరిలో మంచు ముంచెత్తినప్పుడు, పడకగదికని కరెంటు హీటరొకటి కొని తీసుకెళ్లాడు. గుమ్మంలో పెట్టి గంట కొట్టాడు. ఆవిడ తలుపు తీసేలోపే వ్యాను ఎక్కి బండి కదిలించాడు.