పూలు లేని కొమ్మ

ఒలిచిన మొగ్గ కొనకు మగపువ్వు పుప్పొడిని మెల్లగా రాసి ప్రేమలత పక్క కొమ్మకు చేయి చాపింది. నిన్న సాయంత్రం ఒలిచిన ప్రతి మొగ్గకూ గుర్తుగా ఎర్ర కాగితం ఉంది. మధ్యాహ్నం పన్నెండు దాటితే రాసినా గింజ పట్టదు. వడ్డేపల్లి పక్క పత్తి విత్తనం చేలల్లో పుప్పొడి అంటించే ఈ క్రాసింగ్ పనికి రావడం ఆమెకిది తొమ్మిదో ఏడు. సన్నటి మనిషి. మొగ్గలు గిల్లీ గిల్లీ బొటనవేలి గోరు అంచు నల్లబడి గట్టిపడింది.

కడుపులోంచి ఏదో పైకి లేచింది. నోట్లో ఇనుము రుచి.

"పిల్లా, ఏం రాస్తున్నవే ఆడ?"

పక్క సాలులోంచి నర్సమ్మ, వరసకు అత్త. ప్రేమలత తన చేతిని చూసుకుంది. వేళ్లు కొమ్మను నిమురుతూనే ఉన్నాయి. ఆ కొమ్మకు పువ్వు లేదు, ఎర్ర కాగితం లేదు. మిగతా ఆడవాళ్లు పది చెట్లు దాటిపోయారు.

"ధ్యాస తప్పిందత్తా."

"ఇయ్యాల ఇది మూడోసారి. పెదవులు చప్పరిస్తవు, పిలిస్తే పలుకవు. చెయ్యి మాత్రం ఆడుతనే ఉంటది. నిలబడి నిద్రపోనీకి గుర్రమా నువ్వు?"

ఆడే ఆ చెయ్యే ఆమెను ఇన్నేళ్లూ కాపాడింది. రైతు కిష్టయ్య గట్టు మీద నుంచి చూస్తే వంగిన తల, కదిలే వేళ్లు కనిపిస్తాయి.

మూర్ఛ అంటే ఏమిటో ఆమెకు తెలుసు. తమ్ముడు ప్రదీప్ కింద పడి కొట్టుకునేవాడు, నోట్లో నురగ వచ్చేది. తను పడదు. నిలబడే ఉంటుంది. రోజులోంచి ఒక ముక్కను ఎవరో కొరుక్కుపోయినట్టు ఉంటుంది, అంతే. పెళ్లిలో పాస్టరు ఒకే మాట రెండుసార్లు అడగాల్సి వచ్చింది. సిగ్గన్నారు. బొంబాయి మట్టిపనిలో తలమీది తట్ట జారిపోయింది. పొగరన్నారు. పొయ్యి మీద అన్నం మాడింది. మొద్దన్నారు. భర్త ఇస్రాయేలు ఏ పేరూ పెట్టలేదు. మాడిన అన్నమే పెట్టుకుని తిన్నాడు.

"మా చెల్లె బిడ్డకు గిట్లనే ఉండె," నర్సమ్మ గొంతు తగ్గించింది. "దవాఖానల జూపిస్తే ఇది గూడ ఫిట్సే అన్నరు. గోలీలు ఏస్కుంటుంది, ఇప్పుడు మంచిగుంది. రేపు గద్వాల పోదం పా."

"జర మెల్లగనత్తా, నీకు దండం పెడ్త. కిష్టయ్య ఇంటే రేపటి సంది రావొద్దంటడు. ఈ పని ఇంక పన్నెండు రోజులే. అయిపోనీ, నువ్వు యాడికంటే ఆడికొస్త."

నర్సమ్మ గట్టు మీది కిష్టయ్య వైపు చూసింది.

"అప్పటిదాంక నా పక్క సాలు ఇడువకు," అంది.

పన్నెండుకు పని ఆగింది. అందరూ అన్నం గిన్నెలతో గట్టు నీడకు చేరారు. "మొఖం కడుక్కొనొస్త," అని ప్రేమలత బోరు దగ్గరి సిమెంటు తొట్టి వైపు నడిచింది. చీరమీద వేసుకున్న మగవాళ్ల నీలం గళ్ల చొక్కా విప్పి, తొట్టి పక్కన పాతిన కర్రకు తగిలించింది.

నర్సమ్మ గిన్నె మూతలో ఆమె కోసం ఇంత పచ్చడి తీసి పెట్టి తలెత్తింది. చెట్ల మీదుగా నీలం గళ్ల చొక్కా కదులుతోంది. ఉంది కదా అనుకుంది. కాసేపాగి మళ్లీ చూసింది. చొక్కా కదులుతూనే ఉంది. మూడోసారి చూసినప్పుడు దాని చేతులు గాలికి ఖాళీగా ఊగుతున్నాయని తెలిసింది.

తొట్టిలో నీళ్లు మోకాలి లోతే. ప్రేమలత అంచుకు పొట్ట ఆనించి వంగి ఉంది. ముఖం నీళ్లలో ఉంది.

బయటికి లాగి పడుకోబెట్టేసరికి ఊపిరి లేదు.

"కాలు జారినట్టుంది," అన్నాడు కిష్టయ్య.

"ఎండకు కండ్లు తిరిగినయేమో," అంది ఇంకొకామె.

"కాదు. ఫిట్స్," అంది నర్సమ్మ. "నాకు తెల్సు. నేను చూసిన. చూసి గూడ చెప్పలే."

"ఫిట్సొస్తే కొట్టుకోదా? ఏం సప్పుడు కాలె గద!" అన్నాడు కిష్టయ్య.

నర్సమ్మ తడిసిన ఆ చేతి వేళ్లను ఒక్కొక్కటే తన కొంగుతో తుడిచింది.

ట్రాక్టరు వచ్చి ప్రేమలతను ఊళ్లోకి తీసుకుపోయింది. చొక్కా ఎవరికీ గుర్తు రాలేదు. అది ఇస్రాయేలుది. ఆమె చేతికి సరిపోయేలా మోచేతుల దాకా మడిచిన మడతలతో అట్లాగే కర్ర మీద ఉంది.