నాలుగున్నర లోపు

మే నెల లాంగ్ వీకెండ్ ట్రాఫిక్‌లో ఎటోబికోలో ఇంటి నుంచి ప్యారీ సౌండ్ ఊరు దాటేసరికి ఆరు గంటలు పట్టింది. ఆ ఆరు గంటలూ శకుంతల నోరు మూతపడలేదు, సుబ్బరాజు నోరు తెరుచుకోలేదు.

ఆమె కోపమంతా కాటేజీ మీద. సరస్సు ఒడ్డున ఇరవై ఏళ్ల కిందట భర్త ముచ్చటపడి కొన్న ఇల్లు. ఒక ఏడు కప్పు కారేది, ఒక ఏడు ఎలుకలు పరుపులు కొరికేవి. పోయిన శీతాకాలం ఆమె పట్టుబట్టి మాట తీసుకుంది. ఈసారి వెళ్లేసరికి ఇంకొక్కటి పాడై కనిపిస్తే ఇల్లు అమ్మేయాల్సిందే. సోమవారం వచ్చి చూడమని ఏజెంటుకి కూడా చెప్పేసింది. ఆ ఇల్లంటే ఆయనకి ప్రాణమని తెలిసే చెప్పింది.

తలుపు తీసి, సామాను లోపల పెట్టి, సుబ్బరాజు పంప్ స్విచ్ నొక్కాడు. కాసేపటికి సింక్ కింద అలమారా తలుపు దభేల్మని తెరుచుకుంది. నీళ్లు ఎదురుగోడ దాకా చిమ్మాయి. ఆయన పరిగెత్తి పంప్ ఆపేలోగా వంటిల్లంతా తడిసి ముద్దయింది.

"అక్టోబరులో పైపుల్లో నీళ్లు తీసేశారా?" అంది శకుంతల.

ఆయన గుడ్డ తెచ్చి నేల తుడవడం మొదలుపెట్టాడు.

"మిమ్మల్నేనండీ. తీశారా, లేదా?"

"లేదు."

శకుంతలకి ఒళ్లు మండిపోయింది. ఇక్కడి చలికి పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పగిలిపోతాయని చిన్నపిల్లలకి కూడా తెలుసు. తాళం వేసేముందు కంప్రెసర్‌తో గాలి కొట్టి ఉన్న నీళ్లన్నీ వెళ్లగొట్టాలి. ముప్పావుగంట పని. ముప్పై అయిదేళ్లు ఇంజనీరుగా వెలగబెట్టిన మనిషి ఆ మాత్రం చేయలేకపోయాడు.

"బుర్ర ఎక్కడ పెట్టుకున్నారు? ఇన్నేళ్ల సర్జన్ని, నేను ఇలాగే ఆపరేషన్ సగంలో వదిలేసి ఇంటికొచ్చానా ఎప్పుడైనా? ఏజెంటుకి ఏం చూపిస్తాం, ఈ చెరువునా?"

"మాటిచ్చాను కదా. అమ్మేద్దాంలే" అన్నాడు సుబ్బరాజు, నేల మీద కూర్చుని గుడ్డ పిండుతూ.

ఆ నెమ్మది చూసి ఆమెకి ఇంకా కాలింది. ఎదురు తిరిగినా బాగుండేది. ఇంకో గుడ్డ కోసం విసవిసా ఫ్రిజ్ పక్కకి వెళ్లింది. అక్కడ గోడకి తెలుగు క్యాలెండరు అక్టోబరు దగ్గరే ఆగి ఉంది. థాంక్స్‌గివింగ్ పండగ సెలవుల్లో ఆదివారం చుట్టూ ఎర్రసిరాతో సున్నా, పక్కన మందుల చీటీ మీదలా గిలికిన ఆమె రాత: 'నాలుగున్నరకి రాహుకాలం. లోపు బయలుదేరాలి.'

దాని కింద పెన్సిల్‌తో చిన్న చిన్న అంకెలు. అవి సుబ్బరాజువి. 'ఇక్కడ సూర్యోదయం 7.30, అస్తమయం 6.40. ఈ లెక్కన రాహుకాలం 5.15కి. టైముంది.'

అప్పుడు గుర్తొచ్చింది శకుంతలకి. ఆ రోజు ఆయన కంప్రెసర్ బయటికి తీస్తున్నాడు. తను కార్లో కూర్చుని హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. ఆయన కంప్రెసర్ మళ్లీ లోపల పెట్టేసి, తాళం వేసి వచ్చి కూర్చున్నాడు. నాలుగూ ఇరవైకి బయలుదేరిపోయారు.

"ఇది నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పడానికే వచ్చాను. హారన్లో నీకు వినపడలేదు. తర్వాత ఎందుకులే అనిపించింది."

"ఏడు నెలలు ఎందుకులే అనిపించిందా? ఇవాళ ఆరు గంటలు నన్ను వాగనిచ్చి, ఇప్పుడు ఇల్లు కూడా వదులుకుంటారా?"

"గొడవెందుకని."

ఆమెకి సిగ్గేసింది. సిగ్గు వల్ల కోపం రెట్టింపైంది. ఫోన్ తీసి, సోమవారం రానక్కర్లేదని, ఇల్లు అమ్మడం లేదని ఏజెంటుకి ఇంగ్లీషులో రెండు ముక్కల్లో చెప్పి పెట్టేసింది.

సుబ్బరాజు గుడ్డ పిండడం ఆపి ఆమె వంక చూశాడు.

"అలా చూస్తారేం? ప్లంబర్‌కి ఫోన్ చేయండి" అంది శకుంతల, చీర కుచ్చెళ్లు ఎగదోపి ఆయన పక్కన చతికిలబడుతూ. "వచ్చే అక్టోబరులో నేను హారన్ కొడితే, వచ్చి కారు తాళాలు లాక్కోండి. నోరిచ్చాడు కదా దేవుడు మీకు కూడా."