జోగారావుగారి సంతానం

జీవితం గురించి మనిషికి ఉండవలసిన ఆలోచనను జిరాక్స్ తీసి పంచవచ్చని కనిపెట్టిన మహానుభావుడు సుధీర్. శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు తెరిచిన మరుసటి ఏడు, టైర్ల కొట్టు పైన రెండు గదులు కిరాయికి తీసుకుని, చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు ఇంటర్వ్యూ శిక్షణ మొదలుపెట్టాడు. మెడలో టై, నోట్లో ఇంగ్లీషు. "మీ జీవిత దృక్పథం ఏమిటని అడుగుతారు. అక్కడ నోరెళ్లబెట్టారా, అంతే సంగతులు" అని బెదిరించి తలకో కాగితం చేతిలో పెట్టేవాడు.

ఆ కాగితంలో ఉన్నది అతని సొంత కథ. తండ్రి జోగారావుగారు తణుకులో ఉపాధ్యాయులట. రోజూ పొద్దున్నే కొడుకుచేత పేపరు చదివించి, క్రమశిక్షణే జీవితమని చెప్పేవారట. నమూనాకు రాసిన ఆ ముక్క తీసేసి మీ సంగతి రాసుకోండని చెప్పే ఇంగితం సుధీర్‌కు లేదు. రాసుకోవాలని పిల్లలకూ తోచలేదు. బడిలో ఇన్నేళ్లూ పొల్లుపోకుండా అప్పజెప్పినవాడికే మార్కులు పడ్డాయి, వాళ్లకెలా తోస్తుంది!

మంఖాల్ నుంచి వచ్చే శిరీషకు ఒక్కసారి మాత్రం తోచింది. "సార్, మా బాపు గొర్లు కాస్తడు. గది చెప్పాల్నా?" అని అడిగింది.

"అయ్యయ్యో, గొర్రెల సంగతి ఎందుకమ్మా? విమానాల దగ్గర ఉద్యోగం! కాగితంలో ఉన్నది చెప్పండి, చాలు" అన్నాడు సుధీర్.

శిరీష సిగ్గుతో తల దించుకుంది. నిజమే, గొంగడి భుజాన వేసుకుని తిరిగే తన తండ్రి కుర్మయ్యకు దృక్పథమేమిటి, చోద్యం కాకపోతే! పైగా ఈ ఉద్యోగం రాకపోతే ఇంట్లో గడవదు. మేత బీళ్లన్నీ ప్లాట్లయిపోయాయి. మందలో సగం అప్పటికే అమ్మేశారు. మిగతా సగం ఆ ఎండాకాలం దాటేలా లేదు. అందుకని నెలరోజులు తలుపేసుకుని జోగారావుగారిని బట్టీపట్టింది.

ముసలివాళ్లకు, మొదటిసారి విమానం ఎక్కేవాళ్లకు దారి చూపించే పని అది. ఖాళీ ఒక్కటే. ఇంటర్వ్యూకు వచ్చిన ఆరుగురూ సుధీర్ శిష్యులే. ఇంటర్వ్యూ చేసే మాధవీలత మేడం ఆ ఆరుగురినీ ఒకే గదిలో కూర్చోబెట్టింది. అదీ వీళ్ల ఖర్మ.

ముందుగా మామిడిపల్లి నుంచి వచ్చిన స్వరాజ్యం లేచి, "మా నాన్నగారు జోగారావుగారు తణుకులో ఉపాధ్యాయులు" అని మొదలుపెట్టి గడగడా అప్పజెప్పింది. మేడం తలూపింది. తర్వాత అరవింద్ లేచి, "మా నాన్నగారు జోగారావుగారు" అన్నాడు.

"మీరిద్దరూ అన్నాచెల్లెళ్లా?"

"కాదు మేడం" అని, ఆగకుండా మిగతాది కూడా అప్పజెప్పాడు. మూడోవాడు మహేష్‌కైనా బుద్ధుండొద్దూ? వాడూ జోగారావు కొడుకే అయ్యాడు. అయిదో పిల్ల దాకా అదే వరస. మేడం కళ్లజోడు తీసి, "పాపం, ఆ మాస్టారికి ఎంతమందమ్మా పిల్లలు?" అంది.

శిరీష వంతు వచ్చింది. నెలరోజుల చదువు గంగలో కలిసింది. ఇక చెప్పడానికి తన దగ్గర మిగిలింది ఒక్కటే.

"మా బాపు పేరు కుర్మయ్య. గొర్లు కాస్తడు మేడం."

"సరే. మరి నీ దృక్పథం?"

"గది నాకు తెల్వది. మా బాపు మంద ముంగట నడవడు, ఎనక నడుస్తడు. కుంటిదో, ఈనినదో ఎనకవడితే మందనంత ఆపుతడు. పొద్దుగూకుతున్నది, పోదాం పా బాపూ అంటె, ముంగటున్నయి ఎట్లన్న ఇల్లు చేర్తయి బిడ్డా అంటడు. నాకు గీ పనిస్తే, లైన్ల అందరికన్న ఎనకున్నోళ్ల కాడికే ముందుగాల పోత."

సాయంత్రానికి ఉద్యోగం శిరీషదని చెప్పారు.

గేటు బయట సుధీర్ ఎదురొచ్చాడు. "శభాష్! ఆ గొర్రెల పాయింటు అద్భుతమటగా. కాస్త రాసివ్వమ్మా, వచ్చే బ్యాచ్‌కు జిరాక్స్ తీయిస్తాను."

"రాసిస్త సార్. గని ఆళ్లందరికి మా బాపు ఎట్ల బాపు అయితడు?"

ఆయనగారికి అర్థమైతేగా! "పేరు మార్చుకుంటార్లేమ్మా" అన్నాడు.

దారి పొడవునా అతన్ని తిట్టుకుంటూ శిరీష ఇల్లు చేరింది. కుర్మయ్య గడపలో కూర్చుని ఉన్నాడు. ఉద్యోగం వచ్చిందని చెప్పగానే ఆయన ముఖం విప్పారింది.

"తణుకు సారు ముచ్చట మంచిగ చెప్పినవా బిడ్డా? నువ్వు లోపల చదువుతుంటె నేను దినాం ఈడనే కూసొని విన్న. మంచి తండ్రి ఆయన. నాకైతే గన్ని మాటలు రావు."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది. దారంతా సుధీర్‌ను తిట్టింది గానీ, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషిని నెలరోజులు నాన్న అన్న నోరు ఎవరిది? శిరీషకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆయన ముచ్చట చెప్పలే బాపూ. నీదే చెప్పిన. మంద ఎనక నడుస్తవని చెప్పిన."

"గదేం ముచ్చటనే, పిచ్చిదానా! ముంగట నడిస్తే ఎనకవడ్డది ఎట్ల కనవడతది?" అని కుర్మయ్య నవ్వాడు.

శిరీష నవ్వలేకపోయింది. ఆయన పక్కనే గడపలో కూలబడి, ముఖం గొంగట్లో దాచుకుని ఏడ్చింది.