అడుగు దాకా వెతికే చెయ్యి

నేను ఒక కుడితి తొట్టిని. సిమెంటు ఒళ్లు, బాన కడుపు, అంచున పెచ్చు ఊడిన మచ్చ. కుడితి ఎరగని పిల్లలు కూడా ఉంటారు కాబట్టి చెబుతాను. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు, పైన గుప్పెడు తవుడు. మీరు పారబోసేదే గేదెకు అమృతం.

తెనాలి వెళ్లే రోడ్డు పక్కన ఒక మేస్త్రి నన్ను పోశాడు. ఇసుక ఎక్కువేసి సిమెంటు తక్కువేసి, "పదేళ్లు ఢోకా లేదు బాబూ" అని అమ్మాడు. ఇరవై దాటాయి. అబద్ధమాడినా మంచి అబద్ధమే ఆడాడు మహానుభావుడు.

మొదట నన్ను కొన్నది ఇల్లు కట్టుకుంటున్న ఒక ప్లీడరు గారు. ఆ ఇంటి గోడలు తాగిన నీళ్లన్నీ నా కడుపులోవే. తీరా గృహప్రవేశం నాడు, "ఈ దరిద్రాన్ని ముందు గుమ్మంలోంచి తీయండి" అన్నారు. దొడ్డి గోడ పక్కన బోర్లా పడి ఉన్నాను చాలా ఏళ్లు. అలా ఉండగా ఆ ఇంటికి పాలు పోసే నాంచారమ్మ నన్ను అడిగి తీసుకుని, వీధి పొడుగునా దొర్లించుకుంటూ తన పాక దగ్గరికి తెచ్చుకుంది. పెచ్చు ఊడింది అప్పుడే.

నాంచారమ్మకు ఒక గేదె, ఒక మనవరాలు. గేదె నుదుటి మీద తెల్ల మచ్చ ఉండేది, అందుకని చుక్కి. మనవరాలు మాణిక్యం, తొమ్మిదేళ్లది. రోజూ బడికి పోయే ముందు డబ్బా పట్టుకుని ఇంటింటికీ తిరిగి కుడితి తెచ్చేది. ఎవరింట్లో ఏం వండారో మీకు తెలియకపోవచ్చు గానీ నాకు తెలుసు. డాంబికపు కబుర్లు చెప్పే ఇంటి నుంచి ఉత్త నీళ్లు వచ్చేవి. పెద్దగా మాట్లాడని కుట్టుమిషను ఆవిడ ఇంటి నుంచి చిక్కటి గంజి వచ్చేది.

చుక్కి మూతి పెట్టబోయే ముందు నాంచారమ్మ మోచేతి దాకా చెయ్యి ముంచి నా అడుగంతా వెతికేది. పిన్నీసులు, బ్లేడు ముక్కలు, ప్లాస్టిక్ సంచులు, ఒకసారి ముక్కుపుడక కూడా దొరికాయి. "ముందు మన చెయ్యి, తర్వాత దాని మూతి" అని మనవరాలికి నేర్పింది. మాణిక్యం ఆ మాట ఎక్కంలా పట్టుకుంది.

ఆ ఎండాకాలం చుక్కి చూలుతో ఉంది. నాంచారమ్మ కంటి ఆపరేషనుకు పట్నం పోతూ, "చుక్కిని ఆకలితో ఉంచకే, రెండు ప్రాణాలు" అని చెప్పింది.

మర్నాడు పక్క వీధిలో పెళ్లి. అన్నం చాలా మిగిలింది. కుడితికి వెళ్లిన మాణిక్యాన్ని పెళ్లివారావిడ పిలిచింది.

"ఇదుగో పిల్లా, అన్నం పారేస్తే పాపం. పట్టుకెళ్లి మీ గేదెకు పెట్టు, పుణ్యం మాకూ వస్తుంది."

పుణ్యం పంచుకోవడంలో మనుషులు ఎప్పుడూ ముందే ఉంటారు. రెండు గంపల అన్నం, పులిహోర, బూందీ నాలో పడ్డాయి. మాణిక్యం గౌను చేతులు పైకి మడుచుకుంది. మెతుకు మెతుకూ తడిమి విస్తరి పుల్లలు ఏరింది. ఒక గాజు ముక్క దొరికితే దూరంగా గొయ్యి తీసి పూడ్చింది. అంత శ్రద్ధగా నన్ను నాంచారమ్మ కూడా వెతకలేదు.

"తినవే చుక్కీ, పెళ్లి భోజనం! నీ బిడ్డక్కూడా" అంది.

అంత అన్నం ఒక్కసారి తింటే గొడ్డు కడుపులో పులిసి విషమవుతుంది. ఎండకు నాలోనే అది పులుపెక్కడం నాకు తెలుస్తూనే ఉంది. నా ఒళ్లంతా నోరే. ఒక్క మాట రాదు.

సాయంత్రానికి చుక్కి ఎడమ డొక్క డోలులా ఉబ్బింది. పళ్లు కొరుకుతూ కూలబడింది. అప్పుడే కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని నాంచారమ్మ రిక్షా దిగింది. చూపు ఆనక చేత్తోనే గేదె పొట్ట తడిమింది. తడిమి, ఇంకేమీ అడగకుండా, "డాక్టరును పిలవండిరా" అని అరిచింది.

పశువుల డాక్టరు వచ్చి గొట్టంతో నూనె తాగించాడు. సూదులు పొడిచాడు. "ఎంత పెట్టావమ్మా?" అని పిల్లనడిగాడు.

"రెండు గంపలండీ. పుల్లలన్నీ ఏరేశానండీ. గాజు ముక్క కూడా తీసేశానండీ."

ఆయన తల దించుకుని, "ఏరావు తల్లీ. కానీ అన్నమే కొంప ముంచింది. ఎప్పుడైనా గుప్పెడే పెట్టాలి" అన్నాడు.

పొద్దున పాలవేళకు చుక్కి పోయింది. కడుపులోది కూడా.

మాణిక్యం నా వెనక నక్కి కూర్చుంది. నాంచారమ్మ గోడ పట్టుకుని వచ్చి పక్కన కూలబడింది. "నా తప్పేనే. ముల్లూ మేకూ వెతకమని చెప్పాను గానీ, అన్నం సంగతి చెప్పలేదు" అంది.

నాంచారమ్మ మళ్లీ గేదెను కొనలేదు. నాలో ఎండుటాకులు పడ్డాయి. రెండేళ్ల తర్వాత మాణిక్యం ఇద్దరు స్నేహితురాళ్లను వెంటబెట్టుకుని వచ్చి నన్ను వీధి మొగలోకి దొర్లించింది. ఇప్పుడు నాలో నీళ్లే. మధ్యాహ్నం ఎండలో కుక్కలు, మేకలు, ఊరి మీద తిరిగే ఆవులు వచ్చి తాగిపోతాయి. ఎవరైనా మిగిలిన అన్నం తెస్తే మాణిక్యం అడ్డం నిలబడుతుంది.

"ఏంటే, పుణ్యానికి పెడుతుంటే వద్దంటావు?"

"వద్దు పెద్దమ్మా. ఒక బిందె నీళ్లు పొయ్యి, చాలు."

రోజూ కొబ్బరి పీచుతో నన్ను తోమి, నీళ్లు నింపి, ఆ తర్వాత మోచేతి దాకా చెయ్యి ముంచుతుంది. నీళ్లు పోయడానికి కొత్తగా చేరిన పిల్లలు నవ్వుతారు. "ఉత్త నీళ్లేగా అక్కా, ఏం వెతుకుతున్నావు?"

"ముందు మన చెయ్యి" అంటుంది అంతే.

ఆ చెయ్యి నా గరుకు అడుగంతా తడుముకుంటూ, చుక్కి నాకి నాకి నునుపెక్కిన చోటికి వస్తుంది. అక్కడ కాసేపు ఆగుతుంది.